ఒకే ఇంట్లో రెండో పోర్షన్

ఈ వారం వంట ముచ్చట కాదు, కంప్యూటర్ ముచ్చట. అయ్యో, పేజీ తిప్పేయకండి! పాత సామాను పారేయకుండా కొత్త ఇంట్లో సర్దుకోవడం లాంటిదే ఇది కూడా.

మా హుజూర్‌నగర్‌లో నేను ఇంటి దగ్గరే శుభలేఖలు, పుట్టువెంట్రుకల కార్డులు, కరపత్రాలు టైపు చేసి ఇస్తుంటానని మీకు తెలుసు కదా. మట్టపల్లి నరసింహస్వామి సన్నిధిలో పెళ్లి అనుకున్నవాళ్లు చాలామంది కార్డు కోసం మా ఇంటికే వస్తారు. నా పనంతా పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మీదే. ఆ రెండూ విండోస్‌లో నడిచేవి.

సరిగ్గా మాఘమాసం ముహూర్తాల ముందు కరెంటు ఎక్కువ తక్కువై నా పాత కంప్యూటర్ కాలిపోయింది. హార్డ్‌డిస్క్ ఒక్కటి దక్కింది. మావారు ఎవరో వాడిన కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చారు. అందులో ఉన్నది లినక్స్. "మంచిదే అమ్మా, దీనికి పైసలు కట్టే పనిలేదు" అన్నాడు మా అబ్బాయి. మంచిదే కానీ, నా పేజ్‌మేకర్ దాంట్లోకి ఎక్కదే!

కార్డుల సంగతి అట్లుంచండి. మా అత్తమ్మ బతికున్నప్పుడు ఆమె చెబుతుంటే తొక్కుల కొలతలన్నీ అను అక్షరాల్లో టైపు చేసి పెట్టుకున్నాను. ఆ ఫైలు తెరిస్తే తెలుగు ముక్క లేదు, అన్నీ ఇంగ్లీషు పిచ్చి గీతలు! పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు పెట్టారట. ఆ ఫాంటు లేనిచోట అసలు ఇంగ్లీషు బయటపడుతుంది. ఒక దుకాణంలో అడిగితే "అవన్నీ పాతవమ్మా, తీసేసి కొత్తగా మొదలుపెట్టండి" అన్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా అక్క కూతురు వచ్చింది. "చిన్నమ్మా, ఏం పారేయొద్దు. ఇందులోనే విండోస్‌కు ఒక పోర్షన్ కట్టిద్దాం" అంది. దాన్నే వర్చువల్ మెషిన్ అంటారట. మనం ఇంట్లో ఒక వాటా అద్దెకిస్తే ఏమవుతుంది? బోరు ఒకటే, కరెంటు ఒకటే, కానీ వాళ్ల పొయ్యి వేరు, తలుపు వేరు. అట్లాగే కంప్యూటర్ మెమరీలో కొంత, డిస్కులో కొంత విడదీసి ఇస్తే, అదే ఒక సొంత కంప్యూటర్ అనుకుని విండోస్ అందులో కాపురం పెడుతుంది. ఇదేం కొత్త సంగతి కాదు. 1960లలోనే ఐబీఎం వాళ్లు పెద్ద కంప్యూటర్లలో ఇట్లా చేశారు. 1999లో వీఎంవేర్ మామూలు కంప్యూటర్లకు తెచ్చింది. మేం పెట్టుకున్న వర్చువల్‌బాక్స్ 2007లో వచ్చింది, ఉచితం.

కావలసినవి:
కనీసం 4 జీబీ మెమరీ, 20 జీబీ ఖాళీ ఉన్న కంప్యూటర్, సీడీ డ్రైవ్, వర్చువల్‌బాక్స్, విడిగా కొన్న విండోస్ ఎక్స్‌పీ సీడీ, దాని కీ, మీ పాత సాఫ్ట్‌వేర్ల సీడీలు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ సాధారణంగా ఆ కంప్యూటర్‌కే చెల్లుతుంది, చూసుకోండి.

చేసే విధానం:
ముందు కంప్యూటర్ బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. మాకు అక్కడే అరపూట పోయింది! తర్వాత వర్చువల్‌బాక్స్‌లో 'న్యూ' నొక్కి ఒక పేరు పెట్టండి. ఎక్స్‌పీకి 1 జీబీ మెమరీ ధారాళంగా సరిపోతుంది. అంతా దానికే ఇచ్చేస్తే ఇంటివాళ్లకే చోటుండదు. డిస్కు 20 జీబీ ఇచ్చి, సీడీ పెట్టి, కొత్త కంప్యూటర్‌లో ఎక్కించినట్టే విండోస్ ఎక్కించండి. ఆపైన మీ సాఫ్ట్‌వేర్లు. రెండు పోర్షన్లకూ నడుమ ఒక ఉమ్మడి ఫోల్డర్ పెట్టుకుంటే ఫైళ్లు అటూ ఇటూ ఇచ్చిపుచ్చుకోవచ్చు.

జాగ్రత్తలు:
ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ రక్షణ 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. కాబట్టి ఆ పోర్షన్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి. ఏదైనా కొత్తది ఎక్కించే ముందు 'స్నాప్‌షాట్' తీసుకుంటే, చెడినా మునుపటి స్థితికి రావచ్చు. కానీ డిస్కే పోతే స్నాప్‌షాట్ కూడా పోతుంది. పనిలో లేనప్పుడు ఆ వర్చువల్ మెషిన్ ఫోల్డరంతా బయటి డిస్కులోకి కాపీ చేసి బీరువాలో పెట్టండి.

ఇంకొక మాట. పోర్షన్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ముఖ్యమైనవి మెల్లమెల్లగా యూనికోడ్ తెలుగులోకి మార్చుకోండి. అప్పుడు ఫోనులోనూ చదువుకోవచ్చు, ఏ ప్రత్యేక ఫాంటూ అక్కర్లేదు. నేను రోజుకొక పేజీ మారుస్తున్నాను.

ఆ రోజు చిన్న కిటికీలో ఎక్స్‌పీ తెరుచుకుని, అత్తమ్మ చెప్పిన మాటలు తెలుగులో కనబడేసరికి మా ఇంట్లో అందరూ చుట్టూ చేరారు. మాఘమాసం కార్డులు కూడా వేళకే అందించాను. వచ్చే వారం అత్తమ్మ కొలతలతోనే చింతకాయ తొక్కు. కాయలు సిద్ధంగా పెట్టుకోండి మరి!