సంతకంతో ఆగిన చదువు

పాత ఢిల్లీ రైల్వేస్టేషన్‌కు ఎదురుగా ఉన్న ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీని 1951 అక్టోబరు 27న నెహ్రూ ప్రారంభించారు. యునెస్కో తోడ్పాటుతో ప్రయోగాత్మకంగా నెలకొల్పిన ఆ గ్రంథాలయం పండితుల కోసమే పుట్టినది కాదు. కొత్తగా అక్షరాలు దిద్దిన వయోజనులను పాఠకులుగా తీర్చిదిద్దడం కూడ దాని ఆశయాల్లో ఒకటి. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్లకే రాజధానికి తోచిన ఈ ఆలోచన, తర్వాత వచ్చిన పథకాల్లో వెనుకబడిపోయింది.

పథకాలకు మాత్రం కొదవ లేదు. 1978లో జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్, 2009లో సాక్షర భారత్, 2022లో నవభారత సాక్షరతా కార్యక్రమం. ఈ చివరిదాని లక్ష్యం ఐదేళ్లలో ఐదు కోట్ల మంది. అంచనా వ్యయం 1,037.90 కోట్ల రూపాయలు. అంటే తలకు రెండు వందల రూపాయల పైచిలుకు. బోధన భారమంతా స్వచ్ఛంద సేవకులదే. నిరంతర విద్య కూడ పథకంలో భాగమేనని అధికారులు అంటారు. కాగితం మీద అది నిజమే. కాని ఈ పద్దులో అక్షరం నేర్పిన తర్వాత చేతికందించవలసిన పుస్తకానికి మిగిలేదెంత?

పేదవాడికి సంతకం, లెక్క, బస్సు బోర్డు చదవడం వస్తే చాలదా, నడివయసులో పఠనానందం ఎందుకని ప్రశ్నించేవారున్నారు. దీనికి సమాధానం నెల్లూరు జిల్లాలో ఉంది. 1990వ దశకం ఆరంభంలో రాత్రి బడులకు వెళ్లిన అక్కడి స్త్రీలను కదిలించింది గుణింతం కాదు, వాచకంలోని కథ. అందులో వారు తమ సంసారాలనే చూసుకున్నారు. దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి దారితీసింది. వాచకమొక్కటే కారణమని నేననను. అయితే, చదువులో తమ బతుకు కనిపించినవారు సంతకంతో ఆగిపోరన్నది స్పష్టం.

వయసు మీరిందన్న వాదమూ నిలవదు. 1991లోనే సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్లు ప్రకటించుకున్న కేరళలో, 2018లో 96 ఏళ్ల కార్త్యాయని అమ్మ అక్షరాస్యతా పరీక్ష రాసి నూటికి 98 మార్కులు తెచ్చుకున్నారు. పల్లెపల్లెనా గ్రంథాలయం వేళ్లూనిన రాష్ట్రమది. నేర్చినది మరచిపోకుండా నిలబెట్టే శక్తి పరీక్షకు లేదు, గ్రంథాలయానికే ఉంది.

గ్రంథాలయాలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోనివని ఢిల్లీ చేతులు దులుపుకొనవచ్చు. మరి రాష్ట్రాల సంగతి? 1914లోనే గ్రంథాలయ సంఘాన్ని స్థాపించుకున్న జాతి మనది. అయ్యంకి వెంకట రమణయ్యగారి వంటి వారు ఊరూరా పుస్తకాన్ని మోసిన నేల ఇది. 1960 నాటి చట్టం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును కూడ విధించింది. వసూలైన ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సక్రమంగా చేరడం లేదన్న ఫిర్యాదు ఎన్నో ఏళ్లుగా వింటున్నదే. ప్రజలు చెల్లిస్తున్నారు, పుస్తకం మాత్రం చేరడం లేదు.

ఇటీవల ఒక్కొక్క రాష్ట్రమూ సంపూర్ణ అక్షరాస్యతను ప్రకటించుకుంటోంది. సంతోషమే. ఇకపై అటువంటి ప్రకటన వెలువడినప్పుడు పాఠకులు ఒక్క ప్రశ్న వేయాలని నా మనవి: ఆ కొత్త అక్షరాస్యుల ఊళ్లలో సాయంత్రం పూట తలుపు తెరచి ఉండే గ్రంథాలయాలు ఎన్ని? ఆ లెక్క చెప్పలేని ప్రభుత్వం నేర్పినది సంతకమే, చదువు కాదు.