హలాల్ చాయ్‌ను తయ్యిబ్ చేసుకుందాం

చాయ్ హలాలా, హరామా అని మమ్మల్ని ఇప్పుడు ఎవరూ అడగరు. తిరుమలగిరి హోటళ్లలోనూ, మన ముస్లిం గృహాలలోనూ ఆ ప్రశ్న ఎప్పుడో సమసిపోయింది. ఇటీవల సోదరీమణుల నుండి వస్తున్న ప్రశ్నలు వేరు. కిరాణా దుకాణాలలో ఇలాచీ, అల్లం, మసాలా, నిమ్మ పేర్లతో సువాసనల చాయ్‌పత్తి పొట్లాలు అమ్ముతున్నారు. వాటిలో కలిపే ఎసెన్సులు ధర్మసమ్మతమేనా? పాల చాయ్ మానివేసి సులేమానీ తాగితే ఆరోగ్యానికి మేలు కలుగుతుందా? పిల్లలకు ఇవ్వవచ్చునా? ఈ నెల ఈ ప్రశ్నలన్నింటికీ ఒకేచోట సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాము.

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో మానవులందరినీ ఉద్దేశించి, భూమిపై ఉన్నవాటిలో హలాల్ అయినవీ, తయ్యిబ్ అయినవీ భుజించమని ఆదేశించింది. హలాల్ అంటే ధర్మసమ్మతమైనది. తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, మేలైనది. ఈ రెండు పదాలూ పక్కపక్కనే రావడంలో మనకు గొప్ప బోధ ఉంది. మనలో చాలామంది మొదటి పదం వద్దే ఆగిపోతారు. మాంసం కొనేటప్పుడు జబహ్ గురించి పదిసార్లు విచారించే మనం, రోజుకు నాలుగైదు మార్లు గొంతు దిగే చాయ్ గురించి ఒక్కసారి కూడా విచారించము. ఆకు హలాలే. దానిని తయ్యిబ్‌గా ఉంచుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

పానీయాన్ని దేనితో తూచాలి?

కొత్త పానీయాలు వచ్చినప్పుడల్లా ముస్లిం సమాజంలో చర్చ జరిగింది. హిజాజ్‌లో కాఫీ వ్యాపించిన కాలంలో, క్రీ.శ. 1511లో, మక్కా అధికారి ఖైర్ బేగ్ దానిని నిషేధించాడు. ఆ నిషేధం ఎంతోకాలం నిలువలేదు. కాఫీ మత్తు కలిగించదని తేలిన తరువాత అది ముస్లిం ప్రపంచమంతటా ఆతిథ్య పానీయమైంది. పానీయం కొత్తదా, పాతదా అన్నది ప్రమాణం కాదు. అది మనిషి బుద్ధికీ, దేహానికీ ఏమి చేస్తుందన్నదే ప్రమాణం. నేడు మన ఇంటి చాయ్‌ను కూడా ఆ ప్రమాణంతోనే తూచుకోవాలి.

సుగంధ ద్రవ్యాలు కలిపిన పానీయం మన ధర్మానికి పరాయిది కాదు. స్వర్గవాసులకు అందే పానీయాన్ని వర్ణిస్తూ ఖుర్ఆన్ అద్ దహ్ర్ సూరాలో ‘జంజబీల్’ను పేర్కొన్నది. జంజబీల్ అంటే శొంఠి, అల్లం. పాలు లేని చాయ్‌లో ఇలాచీ, దాల్చిన చెక్క, లవంగం వేసి, చివర నిమ్మరసం పిండి ఇచ్చే సులేమానీ హైదరాబాదులోనూ, కేరళ మలబారు తీరంలోనూ ముస్లిముల దస్తర్ఖాన్ మీద పరిచితమైనదే. బిర్యానీ విందు తరువాత దానిని అందించడం అక్కడి మర్యాద.

పొట్లంలోని సువాసన

ఇక దుకాణంలో దొరికే సువాసనల చాయ్‌పత్తి సంగతి. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి, నిజమైన ఇలాచీ, అల్లం, దాల్చిన చెక్క ముక్కలు కలిపినది. రెండవది, సువాసన ద్రవ్యాన్ని పట్టించినది. ‘అర్ల్ గ్రే’ అనే ప్రసిద్ధమైన చాయ్ ఈ రెండవ కోవకు చెందినది. నిమ్మజాతికి చెందిన బెర్గమోట్ అనే పండు తొక్క తైలమే దాని పరిమళం. మన దేశ ఆహార నియమాల ప్రకారం సువాసన చేర్చిన చాయ్‌పత్తి పొట్లం మీద ఆ సంగతినీ, ఆ సువాసన పేరునూ స్పష్టంగా ముద్రించాలి. చాయ్‌పత్తికి రంగు కలపడం ఎంతమాత్రమూ అనుమతించబడలేదు. కావున పొట్లం తిప్పి చదవడం మన హక్కు, బాధ్యత కూడా.

ద్రవరూపంలోని అనేక ఎసెన్సులలో సువాసన తైలాన్ని కరిగించడానికి ఆల్కహాల్‌ను గానీ, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి ద్రవాన్ని గానీ వాడుతారు. ఈ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదం ఉంది. ద్రాక్ష, ఖర్జూరాల నుండి తీసిన మద్యానికీ, ఇతర పదార్థాల నుండి తయారైన ఆల్కహాల్‌కూ మధ్య వ్యత్యాసం పాటించి, మత్తు కలిగించని స్వల్ప మోతాదుకు కొందరు అవకాశమిచ్చారు. మూలం ఏదైనా దూరంగా ఉండాలని మరికొందరు అన్నారు. ఈ చర్చను ఇక్కడ తేల్చడం మా ఉద్దేశం కాదు. సందేహం కలిగించేదాన్ని వదలి సందేహం లేనిదాన్ని ఎన్నుకోవాలన్నది దైవప్రవక్త (సఅసం) బోధ. రెండు ఇలాచీ కాయలు, ఒక అల్లం ముక్క ప్రతి వంటింటిలోనూ ఉండగా, సందేహంలో పడవలసిన అవసరమే లేదు.

వ్యాపారం చేసే సోదరులకు ఒక మాట. దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు విన్నవించాడు. తడిసిన ధాన్యాన్ని జనులకు కనబడేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు, మోసగించేవాడు తన అనుచరుడు కాడని హెచ్చరించారు. వాడి పారవేసిన చాయ్‌పత్తిని ఎండబెట్టి, రంగు పూసి, మంచిదానిలో కలిపి అమ్మడం ఆ తడి ధాన్యం వంటిదే. విడిగా అమ్మే పత్తి కొన్నవారు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. తెల్లని వడపోత కాగితంపై కొంచెం పత్తి పరచి, నీళ్లు చిలకరించి, కొద్దిసేపటికి పత్తిని తీసివేసి కాగితాన్ని నీటితో కడగాలి. వెలుతురుకు పట్టి చూస్తే మంచి పత్తి అయితే కాగితంపై మరక నిలువదు. కలుషితమైనదైతే నలుపు, గోధుమ రంగు మరకలు మిగులుతాయి. పత్తిపై అయస్కాంతాన్ని తిప్పితే ఇనుప రజను ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

నీరు, నిప్పు, సమయం

చాయ్‌లో ఆకు కన్నా ఎక్కువ ఉండేది నీరు. నల్లగొండ ప్రాంతపు వారికి నీటి గురించి వేరుగా చెప్పనవసరం లేదు. ఫ్లోరైడ్‌ను తొలగించడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. నాగపూర్‌లోని నీరీ సంస్థ దానిని రూపొందించింది. మన కష్టం వల్ల దక్కిన కీర్తి అది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, నీటిని మరిగించడం వల్ల ఫ్లోరైడ్ పోదు. రెండు లీటర్ల నీరు మరిగి ఒక లీటరయితే అందులోని ఫ్లోరైడ్ సాంద్రత రెట్టింపవుతుంది. రెండవది, చాయ్ మొక్క స్వభావరీత్యానే నేల నుండి ఫ్లోరైడ్‌ను గ్రహించి ఆకులలో నిలువ చేసుకుంటుంది. లేత చిగురులో తక్కువగా, ముదురు ఆకులో ఎక్కువగా ఉంటుంది. కావున బోరు నీటితో, నాసిరకం పొడిని గంటలకొద్దీ మరిగించి తాగడమంటే ఒకే హానిని రెండు దారుల నుండి ఇంట్లోకి పిలవడమే. చాయ్‌కైనా సరే, శుద్ధి చేసిన తాగునీటినే వాడండి. ‘ఎలాగూ మరుగుతుంది కదా’ అని బోరు నీరు పోయకండి.

రుచి దృష్ట్యా కూడా ఇదే మేలు. సున్నపు గుణం గల కఠిన జలంతో కాచిన చాయ్ మసకబారి, పైన పలుచని పొర కడుతుంది. రంగు రాలేదని మరొక చెంచా పొడి వేస్తాము, చేదు పెరుగుతుంది. చేదు పోవడానికి చక్కెర పెంచుతాము. లోపం నీటిలో ఉంటే శిక్ష నాలుకకూ, రక్తానికీ పడుతుంది.

ఇద్దరికి సులేమానీ తయారుచేసే క్రమం ఇది. రెండున్నర కప్పుల నీటిలో దంచిన రెండు ఇలాచీలు, చిన్న దాల్చిన చెక్క ముక్క, ఒక లవంగం, ఇష్టమైతే నలగ్గొట్టిన అల్లం వేసి, సన్నని మంటపై ఐదు నిమిషాలు మరగనివ్వాలి. సుగంధ ద్రవ్యాలు తమ గుణాన్ని నిదానంగా వదులుతాయి. చాయ్‌పత్తి అలా కాదు, త్వరగా వదులుతుంది. అందుచేత రెండింటినీ ఒకేసారి వేయరాదు. పొయ్యి ఆర్పిన తరువాతనే రెండు చిన్న చెంచాల పత్తి వేసి మూత పెట్టాలి. సన్నని గుళికల పత్తికి రెండు నిమిషాలు, పొడవైన ఆకు పత్తికి మూడు నాలుగు నిమిషాలు చాలు. వెంటనే వడకట్టాలి. పుదీనా ఆకులు, కొద్దిగా బెల్లం లేక తేనె, చివర నిమ్మరసం చేర్చాలి. నిమ్మరసం పడగానే చాయ్ రంగు తేలికపడి బంగారు ఛాయకు వస్తుంది. అది పలచబడినట్లు కాదు. పులుపు తగిలితే చాయ్‌లోని రంగు పదార్థాల గుణమే అంత.

రుచి చూడడంలో కూడా ఒక విద్య ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షకులు 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల పత్తి వేసి, ఆరు నిమిషాలు నానబెట్టి రుచి చూస్తారు. అంత చిక్కగా చేయడం తాగడానికి కాదు, లోపాలు బయటపడడానికి. మన ఇంట్లో అంత అవసరం లేదు. ఒకనాడు వట్టి చాయ్, ఇలాచీ చాయ్, అల్లం చాయ్ మూడు చిన్న కప్పులలో పోసి, చక్కెర లేకుండా, పిల్లలను కూర్చోబెట్టి వాసన చూపించండి. వగరు వేరు, చేదు వేరు అని గుర్తించనివ్వండి. వగరు చాయ్ సహజ గుణం. విపరీతమైన చేదు అతిగా మరిగించిన ఫలితం. గోరువెచ్చగా అయినప్పుడు లోపాలు మరింత స్పష్టమవుతాయి. చక్కెర తగ్గించుకోవడానికి మాకు తెలిసిన సులభమార్గం ఇదే: చాయ్ అసలు రుచి తెలిసిన నాలుక చక్కెర కోసం ఆరాటపడదు.

పొగలు కక్కే చాయ్‌ను ఊదుకుంటూ తాగడం మనకు అలవాటు. పానీయంలోకి ఊదడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. 65 డిగ్రీల సెల్సియస్ కన్నా వేడిగా ఉన్న పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2016లో ప్రకటించింది. ఊదకుండా కొంతసేపు ఆగడం సున్నత్ కూడా, ఆరోగ్యం కూడా.

చాయ్ ఎవరి భాగం తింటున్నది?

అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి చివరకు ఉంచాము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరి కొండలలోని కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. చాయ్ తోటల నడుమ పుట్టిన ఆ సంస్థే 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో, భోజనానికి ముందు ఒక గంట, తరువాత ఒక గంట చాయ్ తాగవద్దని హెచ్చరించింది. చాయ్‌లోని టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టి ఉంచి, దేహానికి అందనివ్వవు. పాలు వేసినా, వేయకపోయినా ఈ గుణం పోదు. 150 మిల్లీలీటర్ల చాయ్‌లో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందనీ, రోజుకు 300 మిల్లీగ్రాములు మించరాదనీ అదే సంస్థ తెలిపింది.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనత ఉంది. ఇది మన ఇళ్లలోనూ ఉన్న సంగతే. ఉదయం అందరికీ రొట్టెలు చేసి పెట్టి, గిన్నెలో అడుగున మిగిలిన చిక్కని చాయ్‌లో ఒక రొట్టె ముక్క ముంచుకొని ‘నాకు చాలు’ అనే తల్లులు ఎందరో! ఆకలిని చాయ్‌తో చంపుకొనే ఆ అలవాటు వల్ల ఆ రొట్టెలో ఉన్న కొద్దిపాటి ఇనుమైనా ఆమెకు దక్కదు. గర్భవతులు ఐరన్ మాత్రను చాయ్‌తో మింగడం మరీ నష్టం. సహరీలో భోజనం తగ్గించి చాయ్‌తో సరిపెట్టుకోవడం కూడా ఈ కోవలోనిదే. రెండేళ్లలోపు పసివారికి చాయ్ చుక్క కూడా పట్టకూడదు. పెద్ద పిల్లలకు దానిని నిత్యపానీయం చేయకూడదు.

దైవప్రవక్త (సఅసం) సభలో పానీయం అందించేటప్పుడు కుడివైపు ఉన్నవారితో ప్రారంభించేవారు. అందించేవాడు అందరికన్నా చివర తాగాలని నేర్పారు. మన ఇళ్లలో అందించేది ఎల్లప్పుడూ స్త్రీయే అయినందున, ఈ రెండవ మర్యాద భారమంతా ఆమెపైనే పడుతున్నది. ఇంటి పురుషులు వారానికి కొన్ని రోజులైనా తామే చాయ్ కాచి, వడకట్టి, ఇంటి ఇల్లాలికి అందించి, తాము చివర తాగితే ఆ మర్యాదలో తమ వంతు నెరవేరుతుంది. ఇంటి పనులలో కుటుంబానికి తోడ్పడిన దైవప్రవక్త (సఅసం) ఆచరణ మన ముందున్నది. పైన చెప్పిన క్రమం ఏమంత కష్టమైనది కాదు, ఏ పురుషుడైనా ఒక్క పూటలో నేర్చుకోగలడు. చాయ్ కన్నా ముందు ఆమె కడుపునిండా భోంచేసిందా అని అడగడం కూడా అంతకన్నా కష్టం కాదు.

మనకు ప్రసాదించిన ఆహారపానీయాలను హలాల్‌గానూ, తయ్యిబ్‌గానూ స్వీకరించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.