కాఫీ కర్బనం ఎవరి పద్దులో?

కాఫీ కంపెనీల పర్యావరణ నివేదికలు తిరగేస్తే ముందు కనిపించేవి సౌర ఫలకాలు, కాగితపు స్ట్రాలు, మొక్కలు నాటుతున్న ఫొటోలు. తోటలో చల్లిన యూరియా, పాలిచ్చిన ఆవు చివరి పేజీల పట్టికల్లో ఎక్కడో ఉంటాయి. అసలు లెక్క అక్కడే ఉంది.

బ్రెజిల్, వియత్నాంల నుంచి బ్రిటన్‌కు వచ్చే అరబికా గింజలపై యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఒక అంచనా ప్రచురించారు. మామూలు పద్ధతిలో పండించి, తరలించిన కిలో పచ్చి గింజల వెనుక సగటున 15.33 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులున్నాయని తేల్చారు. రసాయన ఎరువులు తగ్గించి, నీటినీ ఇంధనాన్నీ పొదుపుగా వాడి, విమానం బదులు ఓడలో పంపితే అది 3.51 కిలోలకు దిగుతుంది. తేడా ప్రధానంగా ఎరువుల్లోనూ రవాణాలోనూ ఉంది. నత్రజని ఎరువు వేసిన నేల నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడ్, వందేళ్ల లెక్కన చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. పండ్ల తొక్క ఒలిచి కడిగిన నీరు గుంటల్లో కుళ్లితే మీథేన్ వస్తుంది.

ఇక పాలు. అదే అధ్యయనం ప్రకారం ఒక ఎస్ప్రెసో కర్బన భారం 0.28 కిలోలు, పాలు దండిగా పోసే లాటేది 0.55. మన ఇళ్లలో గ్లాసు నిండేది డికాక్షన్‌తో కాదు కనుక లాటే తాగేవాళ్లను చూసి మనం నవ్వుకోవడానికేమీ లేదు.

తన కర్బన ఉద్గారాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తానని స్టార్‌బక్స్ 2020లో ప్రకటించింది. వాటిలో అతి పెద్ద వాటా పాల ఉత్పత్తులదేనని అప్పుడే ఒప్పుకొంది. అయినా ఆవు పాలు వద్దు, ఓట్ పాలు చాలన్న వారి దగ్గర అమెరికాలో అదనపు రుసుము వసూలు చేయడం 2024 నవంబరు దాకా మానలేదు. అదే ఏడాది కొత్త సీఈఓ బ్రయన్ నికోల్ కాలిఫోర్నియా నుంచి సియాటిల్ కార్యాలయానికి కంపెనీ విమానంలో వచ్చి పోవచ్చని తెలిసి జనం మండిపడ్డారు. నా మటుకు ఆ విమానం కంటే పాల రుసుమే పెద్ద విషయం. విమానం ఒక్క మనిషి సౌకర్యం. రుసుము మాత్రం తన ఉద్గారాల మూలం ఎక్కడుందో తెలిసి కూడా కంపెనీ పెట్టిన ధర.

ఉద్గారాల లెక్కను అంతర్జాతీయంగా మూడు పద్దులుగా రాస్తారు. సొంత బాయిలర్ పొగ స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2, తోట నుంచి కప్పు దాకా మిగిలినదంతా స్కోప్ 3. తన ఉద్గారాల్లో దాదాపు 95 శాతం ఈ మూడో పద్దులోవేనని నెస్లే చెబుతోంది. మన దేశంలో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, నమోదిత కంపెనీల్లో పెద్దవైన వెయ్యింటికి సుస్థిరత నివేదికను తప్పనిసరి చేసింది. అందులో మొదటి రెండు పద్దులూ రాయాల్సిందే, మూడోది ఇష్టమైతే రాయొచ్చు. సరఫరాదారుల వివరాలు ఇవ్వాలన్న నిబంధనను కూడా 2025లో స్వచ్ఛందం చేసేసింది. దుగ్గిరాలలో మొదలై వియత్నాంలోనూ ఫ్యాక్టరీ నడుపుతున్న సీసీఎల్ లాంటి ఇన్‌స్టంట్ కాఫీ దిగ్గజం బాయిలర్ లెక్క చెప్పి తీరాలి. గింజ లెక్క చెప్పడం మాత్రం దాని దయ.

కంపెనీకి ఇంత వెసులుబాటు ఉంటే రైతుకు ఏముంది? 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని రానివ్వబోమని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. అమలు రెండుసార్లు వాయిదా పడింది, పోనీ. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. అయితే ప్రతి తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపాలి. దిగుమతిదారు మీద పెట్టిన ఆ బాధ్యత మెట్టు మెట్టుగా దిగి ఎకరం, రెండెకరాల గిరిజన రైతు దగ్గర ఆగుతుంది. పాడేరు, అరకు మన్యంలో కాఫీని ప్రోత్సహించిందే పోడు మాన్పించడానికి. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన, చాలాచోట్ల రసాయన ఎరువు ఎరగకుండా పండే ఈ గింజకు కర్బన భారం తక్కువని రుజువు చేసుకునే ఖర్చు కూడా ఆ రైతుదేనా?

ఫ్రెంచ్ ఆహార కంపెనీ డానోన్ చొరవతో పుట్టిన లైవ్లీహుడ్స్ నిధి, స్వచ్ఛంద సంస్థ నాంది ఫౌండేషన్‌తో కలిసి అరకులో లక్షల మొక్కలు నాటించింది. పండ్లు రైతులవి, చెట్లు పీల్చిన కర్బనానికి వచ్చే క్రెడిట్లు నిధిలో మదుపు పెట్టిన కంపెనీలవి. దీన్ని దోపిడీ అనలేను. ఆనాడు మొక్కకు డబ్బు పెట్టింది వాళ్లే. కానీ క్రెడిట్ అమ్ముడుపోయిన చెట్టు నీడనే పండిన గింజను రేపు ఇంకొకరు కొని, ‘తక్కువ కర్బన కాఫీ’ అని పొట్లం మీద రాసుకుంటే ఒకే టన్ను రెండు పద్దుల్లో జమ అవుతుంది. అలా కాకుండా చూసే ఉమ్మడి రిజిస్టరు అవసరం.

వాతావరణ మార్పు బిల్లు ఇప్పటికే వస్తోంది. బ్రెజిల్ కరవు తర్వాత న్యూయార్క్ మార్కెట్లో అరబికా ధర 1977 నాటి రికార్డును 2024 డిసెంబరులో చెరిపేసి, 2025 ఫిబ్రవరిలో పౌను 4 డాలర్లు దాటింది. కంపెనీలు దాన్ని పొట్లం ధరలో కలిపేశాయి. కనీసం లెక్కయినా వాళ్లు రాయాలి. కాఫీ కంపెనీలకు స్కోప్ 3ని సెబీ తప్పనిసరి చేయాలి. తోటల గుర్తింపు ఖర్చును రుజువు అడిగే కొనుగోలుదారే భరించాలి. మన్యంలో ఇకపై నాటే నీడ చెట్ల క్రెడిట్లు గిరిజన రైతు సంఘాల పేరున నమోదు కావాలి. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ఆ షరతును మొక్కలు పంచకముందే ఒప్పందంలో రాయించుకోవాలి.