వ్యసనపరుడైన సభ్యుడు – వసతి చికిత్స – సంఘము చేయదగిన పని

మన సహకార సంఘముల సమావేశములందు నొక ప్రశ్న తఱచుగా లేచుచున్నది. సారాకో గంజాయికో లోబడి వాయిదా చెల్లింపలేని సభ్యుని నేమి చేయవలెను? అప్పు నిలిపివేయుడనియు, పేరు కొట్టివేయుడనియు, భూమిని వేలమునకు దెండనియు ననువారే యెక్కువ. సంఘధనము పదిమంది కష్టార్జితము. దానిని కాపాడుకొనవలె ననుటలో తప్పులేదు. కాని రోగమునకు జప్తు మందు కాదు. అతనిని వైద్యమునకు బంపి మరల నాగలి పట్టించుటయే సంఘపు సొమ్ము రాబట్టుకొను మార్గమని నా యభిప్రాయము.

విశాఖ ప్రాంతపు రైతులకు ఈ విషయము మఱింత దగ్గఱది. మన్యపు కొండలలో దొంగచాటుగా పండించిన గంజాయి తోటలను 2021లో ‘పరివర్తన’ యను కార్యక్రమమున పోలీసువారు నఱకించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత కోడూరు వద్ద సుమారు 2 లక్షల కిలోల గంజాయిని దగ్ధము చేసిరి. మంచిదే. కాని సరకును తగులబెట్టినంతనే దానికి మరగిన మనుష్యునకు స్వస్థత కలుగదు. మన పల్లెల నుండి రేవులోను, ఉక్కు కర్మాగారపు చుట్టుపట్ల కాంట్రాక్టు పనులలోను, లారీలమీదను జీవించు కుఱ్ఱవాండ్రలో కొందఱు ఈ యలవాటుతో నింటికి వచ్చుచున్నారు. పట్టణమునే నిందించుట నా యుద్దేశము కాదు. సారాబట్టీ మన యూళ్లలోనే వెలసినది.

2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన దేశవ్యాప్త పరిశీలనలో, మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే యేదో యొక చికిత్స పొందిరనియు, 180 మందికి ఒక్కరే ఆసుపత్రిలో నుండి చికిత్స పొందిరనియు తేలినది. తక్కినవారు మన యరుగులమీదనే యున్నారు.

వసతి చికిత్స యనగా నేమి? తుంగను కొడవలితో కోసిన రైతునకు నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. పైయాకు పోవును, గడ్డ భూమిలో నుండును, వాన పడగానే మరల మొలచును. శరీరము నుండి మత్తును వెడలించుట పైయాకు కోయుట వంటిది. దానికి ఒకటి రెండు వారములు చాలును. గడ్డ త్రవ్వుటకు నెలలు పట్టును. వేళకు నిద్రయు భోజనమును పనియు నలవఱచుట, ఏ స్నేహమున, ఏ దుఃఖమున చేయి సీసామీదకు పోవుచున్నదో శిక్షణపొందిన సలహాదారుతో విచారించుకొనుట, భార్యకును తల్లిదండ్రులకును నచ్చజెప్పుట, ఇదియంతయు రెండవ భాగము. మన జనులు మొదటి భాగము ముగియగానే ‘బాగైనాడు’ అని బండి కట్టించుకొని వచ్చుచున్నారు.

మొదటి భాగమును తేలికగా నెంచరాదు. ప్రతిదినము విశేషముగా త్రాగువాడు ఒక్కసారిగా మానినచో, ఆఱు గంటలు మొదలు రెండు దినములలోపల చేతులు వణకును, మూర్ఛ రావచ్చును. రెండు మూడు దినములకు లేనిపోని రూపములు కనబడి, జ్వరము హెచ్చి, ప్రాణమే పోవచ్చును. కావున గదిలో బెట్టి తాళము వేయుట వైద్యము కాదు. గంజాయి మానినప్పు డంతటి యపాయము సాధారణముగా లేదు. నిద్ర పట్టదు, ఆకలి చెడును, కోపము హెచ్చును. రెండు వారములలో చాలవఱకు తగ్గును. అయితే ఎవరో మాటలాడుచున్నట్లు వినబడుచున్నను, అందఱిమీదను అనుమానపడుచున్నను వెంటనే మానసిక వైద్యునికి చూపవలెను. హెరాయిను, నల్లమందు, మత్తుగొలుపు నొప్పిమందులకు మరగినవారికి బ్యుప్రెనార్ఫిను వంటి మందులు కలవు. అట్టివారు కొన్నాళ్లు మాని మరల పూర్వపు మోతాదే తీసికొన్నచో ఊపిరి ఆగిపోవచ్చును. ఇంటివారు ఈ సంగతి మఱవరాదు.

అందఱికిని వసతి అవసరము లేదు. ఇంట ఆదరణ కలిగి, వ్యసనము ముదరనివాడు వారము వారము ఆసుపత్రికి పోయివచ్చినను చాలును. వెనుక మూర్ఛలు వచ్చినవారు, ప్రాణము తీసికొనదలచినవారు, పలుమాఱులు మాని మరల పట్టినవారు, త్రాగువారి నడుమనే కాపురమున్నవారు మాత్రము లోపల నుండవలసినదే.

సంతలలో నమ్ము పొడులను గూర్చి యొక మాట. భోజనములో రహస్యముగా కలుపుడని చెప్పుచున్నారు. వానిలో డైసల్ఫిరము వంటి మందున్నచో, ఎఱుగక సారా త్రాగినవాని గుండె దడదడలాడి రక్తపుపోటు పడిపోవును. వైద్యుని యాజ్ఞయు రోగి సమ్మతియు లేక ఆ మందు పెట్టుట విషము పెట్టుటకు సమీపమే.

ఇక నెక్కడికి పోవలెను? విశాఖపట్టణమున చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యాలయము కలదు. కింగు జార్జి ఆసుపత్రియు కలదు. కేంద్రప్రభుత్వ సహాయముతో స్వచ్ఛంద సంస్థలు నడపు పునరావాస కేంద్రముల వివరములు 14446 అను ఉచిత టెలిఫోనులో తెలియును. ప్రైవేటు గృహమున చేర్చుటకు ముందు గుమ్మమువద్దనే అడుగుడు: లైసెన్సు ఉన్నదా? వైద్యుడు ఎన్నిమాఱులు వచ్చును? బంధువులు చూడవచ్చునా? మూడవ ప్రశ్నకు ‘కూడదు’ అన్నచో వెనుకకు మరలుడు. 2018 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య చట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది.

పోలీసు భయముచే దాగువారును కలరు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము 64ఏ విభాగము ప్రకారము, తన వాడుకకై స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై ప్రభుత్వ, లేక ప్రభుత్వామోదిత చికిత్సాలయమున చేరి చికిత్స పూర్తిచేసికొన్నచో ప్రాసిక్యూషను నుండి రక్షణ కలదు. మధ్యలో విడిచినచో ఆ రక్షణ పోవచ్చును. పండించువానికిని అమ్మువానికిని ఇది వర్తింపదు.

సంఘము చేయదగినది పెద్దపని కాదు. నియమావళికి లోబడి, చికిత్సలో నున్నన్నాళ్లు వాయిదాకు గడువియ్యవలెను. ఆ నెలలో నాట్లు పడినచో ఇరుగుపొరుగు సభ్యులు వంతులవారీగా అతని మడి చూడవలెను. కోత యైనదాక ఆగుమని చికిత్సను వాయిదా వేయింపరాదు. కోతసొమ్ము చేతికి వచ్చిన వేళయే వానికి మిక్కిలి చెడ్డది. తిరిగి వచ్చిన పిమ్మట అతని సమ్మతితో ధాన్యపు సొమ్మును భార్య ఖాతాలో జమకట్టవచ్చును. మొదటి సంవత్సరమున మరల జాఱుట అరుదు కాదు. కావున అట్టివానిని రెండవసారి పంపుటకు గూడ తీర్మానములో ఇప్పుడే చోటుంచుడు.