కుటుంబ ఆరోగ్యము: వేరు చికిత్స తరువాత పంటికి తొడుగు

రూట్ కెనాల్ చేయించుకొని వచ్చినవారిని పలకరించినప్పుడు మేము తరచుగా వినే మాట ఒకటున్నది: "నొప్పి పోయిందండి, క్యాపు సంగతి మిరపకాయలు అమ్మాక చూద్దాం." నడికుడి, దాచేపల్లి ప్రాంతపు ఇండ్లలో డబ్బు పంటతోనే వస్తుంది గనుక ఆ మాటను తప్పు పట్టలేము. అయితే చాలాసార్లు పంట చేతికి వచ్చేలోపు పన్నే పోతున్నది.

మా సంఘములో ఒక తల్లికి ఇదే జరిగినది. దవడ పంటికి వేరు చికిత్స చేయించి, తాత్కాలికపు సిమెంటుతోనే నెలలు గడిపినది. ఒకనాడు వేయించిన శనగలు నములుచుండగా పన్ను నిలువునా చీలినది. చీలిక వేరులోనికి దిగితే అతికించే మార్గము లేదు, తీసివేయవలసినదే. చికిత్సకు పెట్టిన డబ్బు, గుంటూరు తిరిగిన ఛార్జీలు అన్నీ వృథా అయినవి.

నరము తీసినందున పన్ను ఎండుపుల్లవలె పెళుసైపోతుందని పెద్దలు చెప్పుదురు. అది చాలా కొద్దిపాటి కారణము. అసలు కారణము గోడలు పోవుటయే. పుచ్చు తిన్నది కొంత, లోపలికి దారి చేయుటకు వైద్యుడు తొలిచినది కొంత. మిగిలినవి పైకప్పు లేని మట్టిగోడల వంటివి. నమిలినప్పుడెల్లా పక్కలకు విచ్చుకొనును. పైగా చల్లనీళ్ళకు జివ్వుమనే హెచ్చరిక కూడ ఇక ఉండదు.

వేరులో నింపేది గట్టాపర్చా. ఆగ్నేయాసియా చెట్ల పాలనుండి తీసే రబ్బరువంటి పదార్థమిది. 19వ శతాబ్దములో సముద్రము అడుగున వేసిన టెలిగ్రాఫు తీగలకు ఇదే తొడుగు. అది దారిని మూయును గాని పంటికి బలమియ్యదు. పైనున్న తాత్కాలికపు సిమెంటు కొద్ది వారములలోనే అరిగి సందులిచ్చును. ఆ సందులగుండా లాలాజలము, దానితో క్రిములు దిగి వేరు మరల చెడును. అమెరికాలో అక్విలినో, కాప్లన్ అనువారు 2002లో ప్రచురించిన పరిశీలనలో, తొడుగు వేయని పళ్ళు వేసినవాటికంటె 6 రెట్ల వేగముతో పోయినవని తేలినది.

మన ఇంటి రోకలిని చూడండి. చివర ఇనుప పొన్ను లేకపోతే నాలుగు పోట్లకే చీలును. తొడుగు చేసే పని అదే. అయితే చిగుళ్ళపైన చుట్టూరా సుమారు 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలియుంటేనే పొన్నుకు పట్టు దొరుకును. కాబట్టి చికిత్స మొదలుపెట్టక మునుపే వైద్యుని అడగండి: "పుచ్చు తీసిన తరువాత క్యాపు నిలిచేంత పన్ను మిగులునా? క్యాపుతో కలిపి మొత్తమెంత?" మిగలదని చెప్పినయెడల, మా అభిప్రాయములో, ఆ పన్ను తీయించుకొనుటయే డబ్బుకు మేలు.

పైభాగము బొత్తిగా పోయిన పంటికి వేరులో పోస్టు అనే చిన్న కడ్డీ దింపుదురు. కడ్డీ వేస్తే పన్ను గట్టిపడుతుందనుకొనుట పొరపాటు. పైన కట్టిన సిమెంటు ముద్దను పట్టియుంచుట మాత్రమే దాని పని. దానికి చోటు చేయబోయి వేరును మరీ తొలిస్తే వేరే చీలును.

ముందుపళ్ళకు నష్టము కొద్దిగానైతే మంచి ఫిల్లింగు చాలును. దవడపళ్ళకు మాత్రము తొడుగు తప్పదు. నవ్వితే కనబడని పంటికి ఖరీదైన తెల్లని క్యాపు ఎందుకు? లోహపు క్యాపు చవక, పంటిని అరగదీయుటయు తక్కువ.

డబ్బుకు కష్టమైనవారు విజయవాడ ప్రభుత్వ దంత వైద్యశాలలోను, గుంటూరు దగ్గర తక్కెళ్ళపాడు సిబార్ దంత కళాశాలలోను విచారించవచ్చును. కళాశాలలలో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేయుదురు గనుక ఎక్కువసార్లు తిరగవలసి రావచ్చును. కూలి పోయే దినములు కూడ లెక్కలో వేసుకొనండి.

అప్పటికీ ఆలస్యము తప్పనిచో, పంటి కొనలను కొద్దిగా తగ్గించి వాటిమీదుగా గట్టి ఫిల్లింగు కప్పమని వైద్యుని కోరండి. అంతవరకు ఆ పక్కన ఎముకలు, చెరకు, వక్కలు నమలవద్దు. సోడామూతలు ఏ పంటితోను తీయవద్దు. తొడుగు వేసిన పన్నైనా దాని అంచు దగ్గర మరల పుచ్చిపోవచ్చును గనుక చిగురు వెంబడి బ్రష్షు చేయవలెను.

క్యాపు ఊడివస్తే పారవేయక కడిగి, చిన్న డబ్బాలో పెట్టి, ఒకటి రెండు దినములలోనే వైద్యుని యొద్దకు తీసుకొనిపొండి. చాలావరకు దానినే తిరిగి అతికింతురు. ఇంట్లో ఫెవిక్విక్ పెట్టి అతికించవద్దు.