మృగశిరకు ముందే టైర్లు

డెట్రాయిట్‌లో ఉన్న మిత్రుడొకడు ఏటా దీపావళి దాటగానే కారుకు చలికాలపు టైర్లు వేయిస్తాడు. ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగితే మామూలు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డును పట్టదనీ, చలికాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉండి మంచు మీద కూడా పట్టు నిలుపుతుందనీ చెబుతాడు. అన్ని కాలాల టైర్లతోనే నెట్టుకొచ్చే పక్కింటాయనతో ప్రతి శీతాకాలమూ అతనికి వాదమే. అదే మనిషి సెలవులకు వచ్చి, వికారాబాదులో తాండూరుకు అద్దె కారెక్కినప్పుడు టైర్ల వంక చూడనైనా లేదు. "ఇక్కడ మంచెక్కడిది?" అన్నాడు.

ఈ మాట నాకు మింగుడు పడలేదు. మంచు లేదు సరే, వాన లేదా? మృగశిర కార్తెలో తొలి జల్లు పడ్డ రోజున అనంతగిరి మలుపులు చూడాలి. వేసవంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్మూ నూనే తడిసి జిడ్డు పూతలా పరుచుకుంటాయి. తాండూరు దగ్గర కథ వేరు. అవి నాపరాయి లారీలూ సిమెంటు లారీలూ తిరిగే దారులు. బరువుకు రోడ్డు కుంగి చాళ్లు పడతాయి, వాటిలో నీళ్లు నిలుస్తాయి. పొలాల నల్లరేగడి ట్రాక్టరు చక్రాలకంటుకొని రోడ్డెక్కుతుంది. టైరు గాడులు లోతుగా ఉంటేనే ఆ నీరు పక్కలకు పోతుంది. అరిగితే చక్రం నీటి మీద తేలుతుంది. అప్పుడిక స్టీరింగూ బ్రేకూ అలంకారాలే.

నా కారు అలా జారినది ఒక జులై సాయంత్రం, కొండ దిగుతుండగా. ఎదురుగా బడిపిల్లల ఆటో. జానెడులో తప్పింది. దిగి చూస్తే ముందు టైర్లు రెండూ గుండు! "ఇంకో వానాకాలం లాగుతాయి" అనుకున్నది నేనే, మరొకరిని అనడానికి లేదు.

మన చట్టం కార్లకు 1.6 మిల్లీమీటర్ల గాడి లోతు కనీసమంటుంది. కొండ మీది వానకు అది చాలదని నా అభిప్రాయం. 3 మిల్లీమీటర్లకు రాగానే మార్చేయాలి. గాడులు నిండుగా ఉన్నా నమ్మరాదు, ఎండకు ఎండిన రబ్బరు వయసుతో గట్టిపడుతుంది. టైరు పక్కన నాలుగంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారపు సరుకు. చలికాలానికి తగిన టైర్లు లేకుండా మంచు రోడ్లెక్కరాదని జర్మనీ 2010లో స్పష్టంగా శాసించింది. మనకు కార్తెలున్నాయి. రోహిణిలో రైతు నాగలీ గొర్రూ సరిచూసుకునే వేళకే మనం టైర్లు చూసుకోవచ్చును.

మిత్రుడికి ఇదంతా రాశాను. "బాగుంది గానీ, నీ స్టెప్నీ ఏ ఏటిది?" అని జవాబిచ్చాడు. ఇంకా డిక్కీ తెరిచి చూడలేదు.