ఊడిన పన్నుకు గంటే టైమ్.. అర్ధ లీటర్ పాల ప్యాకెట్ కాపాడుతుంది, ‘పన్నే కదా’ అనే మాట ముంచేస్తుంది!

ఆదివారం సాయంత్రం. గల్లీలో క్రికెట్. ఎగిరొచ్చిన బంతి పదేళ్ల పిల్లాడి మూతికి తగిలింది. నోరంతా రక్తం. ముందు పన్ను ఊడి మట్టిలో పడింది. ఇలాంటప్పుడు మనిళ్లలో ఏం జరుగుతుంది? నోట్లో నీళ్లు పోసి పుక్కిలించమంటారు. రక్తం ఆగగానే హమ్మయ్య అనుకుంటారు. ఊడిన పన్నుని టిష్యూలో చుట్టి జేబులో పెడతారు, లేదంటే అక్కడే వదిలేస్తారు. "రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్దాంలే" అంటారు.

పొద్దునయ్యేసరికి ఆ పన్ను పనికిరాదు. నిజానికి దాన్ని మళ్లీ అక్కడే నిలబెట్టే అవకాశం ఉండేది. కాకపోతే ఆ అవకాశం ఉండేది మొదటి గంటలోనే.

కాలు విరిగితే అర్ధరాత్రైనా క్యాజువాలిటీకి పరుగెడతాం. గుండెలో నొప్పంటే 108కి ఫోన్ చేస్తాం. పన్ను దగ్గరికొచ్చేసరికి మాత్రం 'పన్నే కదా' అంటాం. మనం అనడమే కాదు, మన వైద్య వ్యవస్థ కూడా అలాగే అంటోంది. ఈ నిర్లక్ష్యం ఖరీదు ఒక్కోసారి పన్ను, ఒక్కోసారి ప్రాణం.

ఆ గంటలో అసలేం జరుగుతుంది?

పన్ను గోడకు కొట్టిన మేకులా ఎముకలో దిగి ఉండదు. పన్ను వేరుకీ దవడ ఎముకకీ మధ్య సన్నటి పొర ఒకటి ఉంటుంది. డాక్టర్లు దాన్ని పీరియోడాంటల్ లిగమెంట్ అంటారు. పన్ను ఊడినప్పుడు ఈ పొర చీలిపోయి, కొంత భాగం వేరుకే అంటుకుని ఉంటుంది. అందులోని కణాలు బతికుంటే పన్ను మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. గాలికి ఆరిపోతే ఆ కణాలు చచ్చిపోతాయి. అరగంట ఆరితేనే చాలా నష్టం, గంట దాటితే దాదాపు అన్నీ పోయినట్టే. టిష్యూలో చుట్టడం అంటే వాటిని చేతులారా ఎండబెట్టడమే.

మరి నీళ్లలో వేస్తే? అదీ తప్పే. మామూలు నీళ్లలో ఆ కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి. పాలలో ఉండే లవణాలు, పోషకాలు వాటికి సరిపోతాయి కాబట్టి కొన్ని గంటలైనా బతికుంటాయి. అందుకే దంత గాయాలకు సంబంధించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా పాలనే సూచిస్తున్నాయి. ఖరీదైన ద్రావణం ఏదీ అక్కర్లేదు. కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో ఉన్న పాల ప్యాకెట్ చాలు.

పన్ను ఊడితే వెంటనే ఇలా చేయండి

- ముందు మనిషిని చూడండి. స్పృహ తప్పినా, వాంతులవుతున్నా, మత్తుగా ఉన్నా అది తలకు దెబ్బ కావొచ్చు. పన్ను సంగతి తర్వాత, ముందు ఆస్పత్రి.
- పన్నుని తెల్లగా కనిపించే పైభాగం దగ్గరే పట్టుకోండి. వేరుని ముట్టుకోవద్దు, గోకొద్దు, బ్రష్‌తో రుద్దొద్దు.
- మట్టి అంటుకుంటే పాలతోగానీ సెలైన్‌తోగానీ మెల్లగా కడగండి.
- శాశ్వత పన్ను అని తెలిస్తే, ధైర్యం ఉంటే, అదే గుంతలో నిలువుగా పెట్టేయండి. తర్వాత శుభ్రమైన కర్చీఫ్‌ని మెల్లగా కొరికి పట్టుకోమనండి. నిజానికి అన్నింటికన్నా మంచి పద్ధతి ఇదే.
- అలా పెట్టలేకపోతే చల్లటి పాలలో వేయండి. పాలు దొరక్కపోతే సెలైన్, అదీ లేకపోతే గిన్నెలో ఉమ్మించి ఆ ఉమ్ములో పెట్టండి.
- నేరుగా డెంటిస్ట్ దగ్గరికి. దారిలోనే ఫోన్ చేసి "పన్ను ఊడింది, పాలలో తెస్తున్నాం" అని చెప్పండి. టెటనస్ ఇంజెక్షన్ అవసరమో లేదో కూడా అడగండి.

గంట దాటిపోయినా పన్నుని పారేయొద్దు. ఎక్కువకాలం నిలవకపోవచ్చు గానీ, ఎదిగే వయసు పిల్లల్లో ఎముకని కాపాడటానికి డాక్టర్లు దాన్నే తిరిగి పెట్టే అవకాశం ఉంది. ముక్క విరిగినా అంతే, ఆ ముక్కని తీసుకెళ్తే చాలాసార్లు అతికించొచ్చు.

ఒక్క మినహాయింపు. ఊడింది పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు. దాని కిందే శాశ్వత పన్ను మొగ్గ ఉంటుంది, అది దెబ్బతింటుంది. ముందు పాలపళ్లు సాధారణంగా ఆరేడేళ్ల వయసులో రాలడం మొదలవుతాయి. ఏ పన్నో తేల్చుకోలేకపోతే పాలలో వేసి డాక్టర్‌కి చూపించండి, నిర్ణయం ఆయన తీసుకుంటారు. ఊడిన పన్ను ఎంత వెతికినా దొరకలేదా? పిల్లాడు ఆగకుండా దగ్గుతున్నా, ఆయాసపడుతున్నా అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉండొచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పన్ను నొప్పి ప్రాణం మీదకు ఎప్పుడొస్తుంది?

దెబ్బ కంటికి కనిపిస్తుంది. కనిపించకుండా ముదిరేది పుప్పిపన్ను. పైపొరలో చిన్న నల్లచుక్కగా మొదలై లోపలి నరం దాకా వెళ్తుంది. అక్కడి నుంచి వేరు కొనకు చేరి చీము పడుతుంది. ఆ చీము కింది దవడ లోపలివైపు నుంచి నాలుక కిందికి, మెడలోకి పాకితే అది లడ్విగ్స్ ఆంజైనా. 1836లో జర్మన్ డాక్టర్ లడ్విగ్ వివరించిన జబ్బు ఇది. నాలుక పైకి లేస్తుంది, గొంతు బిగుసుకుంటుంది, శ్వాస దారి మూసుకుపోతుంది. ఎక్కువగా దీనికి మూలం కింది దవడ పళ్లే. అంటే ఒక్క పుప్పిపన్ను ఐసీయూ దాకా తీసుకెళ్లగలదు.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. డెంటల్ క్లినిక్ కోసం వెతుక్కోవద్దు. 108కి ఫోన్ చేయండి, పెద్దాస్పత్రి క్యాజువాలిటీకే వెళ్లండి:

- దవడ కింద, మెడ దగ్గర గట్టిగా వాపు
- నోరు తెరవలేకపోవడం, ఉమ్ము కూడా మింగలేకపోవడం
- మాట ముద్దగా రావడం, శ్వాస ఆడకపోవడం
- కంటి చుట్టూ వాపు
- వాపుతో పాటు చలిజ్వరం

షుగర్ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాళ్లలో ఇన్ఫెక్షన్ త్వరగా పాకుతుంది, షుగర్ కూడా అదుపు తప్పుతుంది. ఇంకో పొరపాటు కూడా చాలా ఇళ్లలో చూస్తాం. బుగ్గ వాచిందనగానే వేడి కాపడం పెడతారు. వేడితో వాపు పెరగొచ్చు. పెట్టాలనుకుంటే పైనుంచి చల్లటి గుడ్డ పెట్టండి.

మరో ముఖ్యమైన విషయం. ప్రతి దవడ నొప్పీ పన్ను నొప్పి కాదు. చెమటలు పట్టి, ఛాతీలో బరువుగా ఉండి, ఆయాసంతో పాటు కింది దవడ లాగుతుంటే అది గుండెపోటు కావొచ్చు. అప్పుడు లవంగ నూనె కోసం వెతుకుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మెడికల్ షాపు వైద్యం.. అసలు చిక్కు ఇక్కడే

రాత్రి పదింటికి పన్ను నొప్పి మొదలైంది. ఊళ్లో డెంటిస్ట్ లేడు, ఉన్నా క్లినిక్ మూసేశారు. తెరిచి ఉన్నది మెడికల్ షాపు ఒక్కటే. "పన్ను నొప్పి అన్నా" అంటే చాలు, ఒక పెయిన్ కిల్లర్, ఒక యాంటీబయాటిక్ చేతిలో పడతాయి. రెండ్రోజుల్లో తగ్గుతుంది. తగ్గింది కదా అని వదిలేస్తాం.

తగ్గింది నొప్పే, జబ్బు కాదు. లోపల నరం చచ్చిపోతే నొప్పి దానంతటదే ఆగిపోతుంది. చీము మాత్రం అక్కడే ఉంటుంది. పన్ను తెరిచో, రూట్ కెనాల్ చేసో, పన్ను తీసో ఆ చీముకి దారి ఇవ్వకపోతే మాత్ర ఒక్కటే దాన్ని నయం చేయలేదు. 2019లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెప్పాయి. జ్వరం లాంటి లక్షణాలు లేని పెద్దవాళ్లలో, పంటికి చికిత్స అందుబాటులో ఉంటే, చాలా సందర్భాల్లో యాంటీబయాటిక్ అవసరం లేదు. అయినా మనం మింగుతున్నాం. అలా అవసరం లేకుండా మింగిన ప్రతి కోర్సూ రేపు నిజంగా అవసరమైనప్పుడు మందు పనిచేయకుండా చేస్తుంది.

మరి తెల్లారేదాకా ఎలా? గోరువెచ్చటి ఉప్పు నీళ్లతో పుక్కిలించండి. పళ్ల మధ్య ఇరుక్కున్నది దారంతో తీయండి, గుండుసూదితో కాదు. తలకింద ఎత్తు పెట్టుకుని పడుకోండి. మామూలుగా పారాసిటమాల్ సురక్షితమే, కానీ మోతాదు మించకూడదు. ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీ సమస్య, అల్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, డెంగ్యూ అనుమానం ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు.

ఆస్ప్రిన్ మాత్రని పన్ను పక్కన నొక్కిపెట్టడం ఓ పాత అలవాటు. అది చిగురుని కాల్చేస్తుంది. లవంగ నూనె కూడా చిగుళ్లకు పూస్తే మంటే. ఒక్క చుక్క దూదిపై వేసి పుప్పి గుంతలో మాత్రమే పెట్టాలి. ఇక పొగ పట్టి 'పన్ను పురుగులు' రాల్చి చూపించే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పన్నులో పురుగులుండవు. పుప్పిని చేసేది బ్యాక్టీరియా, దానికి మేత మనం తినే చక్కెర.

పన్ను తీయించుకున్నాక రక్తం ఆగకపోతే కంగారు పడి మాటిమాటికీ ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు. శుభ్రమైన గాజు గుడ్డని మడిచి అరగంట గట్టిగా కొరికి పట్టుకోండి. అప్పటికీ ఆగకపోతే ఆస్పత్రికి వెళ్లండి. రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లు ఆ విషయం ముందే డాక్టర్‌కి చెప్పాలి. పన్ను తీయించుకోవాలని వాటిని సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం.

హెల్మెట్ తలకేనా.. గడ్డానికి వద్దా?

2002 ఆంటిగ్వా టెస్ట్ గుర్తుందా? మెర్విన్ డిల్లాన్ బంతికి అనిల్ కుంబ్లే దవడ విరిగింది. తలచుట్టూ కట్టు కట్టుకుని వచ్చి బౌలింగ్ చేశాడు, లారాని ఎల్బీడబ్ల్యూ చేశాడు. ఆ పోరాటానికి ఇప్పటికీ చప్పట్లు కొడతాం. కానీ విరిగిన దవడకి ఆ తర్వాత సర్జరీ తప్పలేదు.

మన రోడ్ల మీద దవడలు విరిగేది బంతులతో కాదు, బైకులతో. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే. ప్రాణాలతో బయటపడి, ముఖం పగిలినవాళ్లు ఈ లెక్కలో లేరు. చలానా తప్పించుకోవడానికి పెట్టుకునే సగం హెల్మెట్ గడ్డాన్ని కాపాడదు. ముఖమంతా కప్పేదే కొనండి, స్ట్రాప్ బిగించండి. వెనక కూర్చున్నవాళ్లకీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకీ హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. కబడ్డీ, బాక్సింగ్, హాకీ ఆడే పిల్లలకు మౌత్‌గార్డ్ కొనివ్వండి. బూట్లు కొంటున్నాం, అదీ కొనొచ్చు.

తప్పు మనదేనా? వ్యవస్థ సంగతేంటి?

ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెప్పింది. 2030 కల్లా 80 శాతం జనాభాకు అత్యవసరమైన దంత సేవలు హక్కుగా అందాలన్నది ఆ సంస్థ లక్ష్యం. మన దేశంలో డెంటిస్టుల కొరత ఉందా అంటే, 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం కూడా వచ్చింది. చిక్కంతా వాళ్లు ఎక్కడున్నారన్న దగ్గరే. క్లినిక్‌లు నగరాల్లో బోర్డు పక్కన బోర్డుగా ఉంటాయి. పల్లెలోని పీహెచ్‌సీలో చాలాచోట్ల డెంటల్ కుర్చీయే ఉండదు.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల సేవల జాబితాలో నోటి ఆరోగ్యం ఉంది. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే కింద బడి పిల్లలకు చేసే పరీక్షల్లో పుప్పిపళ్లు కూడా ఉన్నాయి. కానీ పుప్పి ఉందని చీటీ రాసిచ్చాక ఆ పిల్లని పట్నం తీసుకెళ్లాల్సింది తల్లే. ఆ రోజు కూలి పోతుంది, బస్ చార్జీలు అదనం. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లదీ అదే కథ. చాలా పాలసీలు యాక్సిడెంట్ వల్ల తప్ప పంటి వైద్యానికి డబ్బులివ్వవు. దాంతో చిన్న ఫిల్లింగ్‌తో పోయేది వాయిదా పడి రూట్ కెనాల్ అవుతుంది. అదీ వాయిదా పడితే పన్ను తీసేయడమే. ఎమర్జెన్సీలు ఇలాగే తయారవుతాయి.

ఉన్నంతలో దారి ఏంటంటే, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. ప్రైవేట్ డెంటల్ కాలేజీల్లోనూ క్లినిక్‌లకంటే తక్కువ ఫీజుకే చూస్తారు. మీ ఊరికి దగ్గర్లో ఏది ఉందో, రాత్రి ఎవరుంటారో నొప్పి రాకముందే తెలుసుకుని ఫోన్‌లో నంబర్ సేవ్ చేసుకోండి.

ఇంట్లో ఇవి చేస్తే చాలు

- పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి ఫ్లోరైడ్ పేస్ట్‌తో బ్రష్. రాత్రిది మానొద్దు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠానీ గింజంత పేస్ట్ చాలు.
- పాలసీసా నోట్లో పెట్టి పసిపిల్లల్ని నిద్రపుచ్చొద్దు.
- సోడా మూతలు పళ్లతో తీయడం, ఐస్ కొరకడం, వక్క పగలగొట్టడం మానేయండి. నల్లిబొక్క రుచే, కానీ రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయని పన్నుతో కొరికితే అది నిలువునా చీలుతుంది.
- గుట్కా, ఖైనీ చిగుళ్లనీ పాడుచేస్తాయి, క్యాన్సర్‌నీ తెస్తాయి. నోట్లో రెండు వారాలైనా మానని పుండు ఉంటే చూపించుకోండి.
- నొప్పి ఉన్నా లేకపోయినా ఏడాదికోసారి డెంటిస్ట్‌కి చూపించండి. గర్భిణులు కూడా చూపించుకోవచ్చు, భయం అక్కర్లేదు.

పన్ను నొప్పి వస్తే గానీ పన్ను గుర్తురాదు మనకి. ప్రభుత్వాలకీ అంతే. జిల్లా ఆస్పత్రి క్యాజువాలిటీలో రాత్రిపూట ఒక్క డెంటల్ డాక్టర్‌ని ఉంచమని అడగడం పెద్ద కోరికేం కాదు. అది జరిగేదాకా మన చేతిలో ఉన్నది ఆ మొదటి గంట, ఫ్రిజ్‌లోని పాల ప్యాకెట్. ఈ కథనాన్ని మీ పిల్లల స్కూల్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి. పీఈటీ సార్‌కి కూడా పంపండి, గ్రౌండ్‌లో పన్ను ఊడితే ముందుగా అక్కడుండేది ఆయనే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు, చికిత్స విషయంలో డాక్టర్ సలహానే పాటించండి.